తెల్ల ఎలుగుబంట్లు, తరిగిపోతున్న సముద్రపు మంచు, భయపెట్టే హెడ్‌లైన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు బడుల్లో పర్యావరణం గురించి మాట్లాడటానికి పోయినప్పుడల్లా పిల్లలు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. టీచర్లు, తల్లిదండ్రులు కూడా ఇవే అడుగుతారు. వాట్సాప్‌లో ఏదైనా వీడియో తిరిగిన వారమైతే చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది. అందుకే ప్రశ్నలను వాళ్లడిగిన మాటల్లోనే పెట్టి జవాబులు రాశాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## వీడియో చూడగానే వచ్చే అనుమానాలు

బొక్కలు తేలిన ఎలుగుబంటి చెత్తడబ్బాల తిండి దేవులాడుతున్న వీడియో నిజమేనా సార్?

వీడియో నిజమే. 2017 ఆగస్టులో కెనడాలోని సోమర్సెట్ దీవిలో ఫొటోగ్రాఫర్ పాల్ నిక్లెన్ బృందం తీసింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చిన ఎలుగు, తుప్పు పట్టిన ఇనుప డబ్బాలో మూతి పెట్టి వెతుక్కుంటుంది. చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. ఆ డిసెంబరులో నేషనల్ జియోగ్రాఫిక్ దాన్ని 'వాతావరణ మార్పు అంటే ఇదిగో ఇలా ఉంటుంది' అన్న అర్థం వచ్చే మాటలతో విడుదల చేసింది. అక్కడే గీత దాటింది. ఆ ఎలుగు ముసలిదా, జబ్బు చేసిందా, దెబ్బ తగిలిందా, ఎవరూ పరీక్షించలేదు. 2018 ఆగస్టు సంచికలో ఆ పత్రికే అంత గట్టిగా చెప్పి ఉండాల్సింది కాదని ఒప్పుకుంది.

ఈ తేడా మన జిల్లావాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మర్రిగూడ, నాంపల్లి వైపు వంకరపోయిన కాళ్ల ఫొటోలు దేశమంతా చూసింది. ఫొటో మనసును కదిలించింది. కారణం రుజువైంది మాత్రం బోరు నీళ్లు ల్యాబుకు పంపి, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో తేల్చినప్పుడు. తెల్ల ఎలుగు విషయంలో ఆ నీళ్ల పరీక్షలాంటివి వేరే ఉన్నాయి. ఏటా ఎలుగులను మత్తిచ్చి తూచిన బరువులు, బతికిన పిల్లల లెక్కలు, మంచు లేని రోజుల లెక్కలు. వాటిని చూస్తే మంచు తగ్గిన చోట ఎలుగులు చిక్కిపోతున్న మాట నిజమని తెలుస్తుంది. ఆ ఒక్క ఎలుగు ఎందుకు చిక్కిందో మాత్రం వీడియో చెప్పలేదు.

రష్యాల ఎలుగుబంట్లు ఊరి మీద దండెత్తినయని టీవీల చూపిచ్చిండ్రు. అట్ల జరిగిందా?

ఎలుగులు ఊళ్లోకి వచ్చినమాట నిజం. నొవాయా జెమ్లియా దీవుల్లోని బెలూష్యా గుబా అనే ఊరి చుట్టుపక్కల 50కి పైగా ఎలుగులు చేరాయి. వాటిలో కొన్ని ఇళ్ల వరండాల దాకా, మెట్ల దాకా వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పిల్లల్ని బడికి పంపడానికి తల్లిదండ్రులు భయపడ్డారు.

కానీ 'దండయాత్ర' అనే మాట ఆ జంతువుకు లేని ఉద్దేశం అంటగడుతుంది. సముద్రం గడ్డకట్టడం ఆలస్యమైతే ఎలుగులు ఒడ్డునే ఆగిపోతాయి. ఆకలితో ఉన్న జంతువుకు ఊరి డంప్‌యార్డు వాసన కిలోమీటర్ల దూరం నుంచే తగులుతుంది. ఒకసారి అక్కడ తిండి దొరికితే మళ్లీ వస్తుంది. చెత్త తెరిచి పడేయడం మనిషి చేసిన పని, దాన్ని ఆపడం మనిషి చేతిలోనే ఉంది. ఆ ముక్క చాలా చానెళ్లు చెప్పలేదు.

ఆకలికి ఒకదాన్నొకటి తింటున్నయంట. పిల్లల్ని సుత తింటున్నయా?

తింటాయి. అయితే ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. మగ ఎలుగులు పిల్లల్ని, ఒక్కోసారి ఆడవాటిని చంపి తినడం శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా రాసిపెట్టినదే. 2020 ఫిబ్రవరిలో ఒక రష్యా శాస్త్రవేత్త ఇలాంటి ఘటనలు ఎక్కువగా తెలుస్తున్నాయని చెప్పగానే ప్రపంచమంతా హెడ్‌లైన్లు వచ్చాయి. అదే మనిషి ఇంకో మాట కూడా చెప్పారు: ఆ ప్రాంతంలో ఇప్పుడు చమురు, గ్యాస్ పనులకు వచ్చినవాళ్లు ఎక్కువయ్యారు, చూసి చెప్పేవాళ్లు పెరిగారు. ఆకలి ఒక కారణం కావచ్చు. చూసే కళ్లు పెరగడమూ ఒక కారణం కావచ్చు. రెండోది హెడ్‌లైన్‌లో ఉండదు.

చిన్న మంచుముక్క మీద ఒక్కటే నిలబడ్డ ఎలుగు ఫొటో ఉన్నది గదా, అది?

అలాంటి ఫొటోలు చాలా ఉన్నాయి. కొన్ని అసలువి, కొన్ని అతికించినవి. 2010 మేలో 'సైన్స్' పత్రికలోనే ఒక వ్యాసం పక్కన వాడిన అలాంటి బొమ్మ కంప్యూటర్‌లో కూర్చినదని తేలింది, తర్వాత దాన్ని మార్చారు. శాస్త్రవేత్తలు చదివే పత్రికలోనే అలా జరిగినప్పుడు ఫోన్‌కు వచ్చేదాన్ని ఒకటికి రెండుసార్లు చూడటం తప్పేం కాదు. ఫొటో అసలుదే అయినా సరే, మంచు ముక్క మీద ఎలుగు నిలబడటం దానికి రోజూ ఉండే పని. సీలు (అది వేటాడి తినే సముద్ర జంతువు) కోసం వెతుకుతూ ఒక ముక్క మీది నుంచి ఇంకో ముక్క మీదికి ఈదుకుంటూ పోతుంది.

తెల్ల ఎలుగు, గోధుమ ఎలుగు కలిసి కొత్త జాతి పుట్టిందట?

కొత్త జాతి పుట్టలేదు. 2006లో కెనడాలో వేటగాడు కాల్చిన ఒక ఎలుగు సంకరమని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. ఆ తర్వాత దొరికిన సంకర ఎలుగులను కలిపి పరిశీలిస్తే, అవన్నీ ఒకే ఒక్క ఆడ తెల్ల ఎలుగు సంతానమని బయటపడింది. ఒక ఇంటి ముచ్చటను లోకం ముచ్చట చేశారు.

## అది బతికే తీరు గురించి

సీలును ఎట్ల పడ్తది? మంచు లేకుంటే పట్టరాదా?

ఈ జంతువు గురించి అసలు తెలుసుకోవాల్సింది ఇదే. సీలు నీళ్లలో ఉంటుంది కానీ ఊపిరి పీల్చడానికి పైకి రావాలి. పైన సముద్రం గడ్డకట్టి ఉంటుంది కాబట్టి, గోళ్లతో గీకి గీకి మంచులో కన్నాలు మూసుకుపోకుండా చూసుకుంటుంది. ఎలుగు ఆ కన్నాన్ని వాసనతో పసిగట్టి దాని పక్కనే కదలకుండా కూర్చుంటుంది. గంటలు గంటలు అలాగే. సీలు ముక్కు పైకి తేలిన క్షణంలో తలను పట్టి ఒక్క గుంజు గుంజుతుంది.

వసంతంలో ఇంకో పద్ధతి. తల్లి సీలు మంచు కింద గుహ చేసి అందులో పిల్లను పెడుతుంది. ఎలుగు పైన నిలబడి, ముందు కాళ్లు రెండూ ఎత్తి, ఒంటి బరువంతా వేసి గుహ కప్పును పగలగొడుతుంది. ఏప్రిల్ నుంచి జులై దాకా సాగే ఈ వేటలోనే ఏడాదికి సరిపడా కొవ్వు చాలా వరకు కూడబెట్టుకుంటుంది. ముందు కొవ్వు తింటుంది, మాంసం చాలాసార్లు నక్కలకు వదిలేస్తుంది.

తెరిచిన నీళ్లలో ఈత పోటీ పెడితే సీలుదే గెలుపు. అందుకే మంచు ఆ ఎలుగుకు వేటకు నిలబడే నేల. ఆ నేల మూడు వారాలు ముందే కరిగిపోతే, కడుపు నింపుకొనే రోజుల్లోంచే మూడు వారాలు పోయినట్టు.

నేల మీద పండ్లో, పిట్టలో, జింకలో తిని బతకరాదా?

ప్రయత్నిస్తాయి. 2020 ఆగస్టులో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ఒక ఆడ ఎలుగు రెయిన్‌డీర్‌ను తరిమి సముద్రంలో ముంచి చంపడాన్ని అక్కడున్న పోలండ్ పరిశోధకులు వీడియో తీశారు. పిట్టల గుడ్లు తింటాయి, బెర్రీ పండ్లు తింటాయి, గడ్డి కూడా నములుతాయి.

అవి సరిపోతాయా? కెనడాలోని హడ్సన్ బే పడమటి ఒడ్డున 20 ఎలుగులకు కెమెరా ఉన్న పట్టీలు మెడకు కట్టి మూడు వారాలు చూశారు. ఫలితాలు 2024లో వచ్చాయి. కొన్ని శక్తి దాచుకుంటూ పడుకున్నాయి, కొన్ని తిండి కోసం రోజంతా తిరిగాయి. ఎలా గడిపినా 20లో 19 బరువు తగ్గాయి, సగటున రోజుకు దాదాపు ఒక కిలో. తిరిగి తిరిగి తిన్నదంతా ఆ తిరుగుడుకే ఖర్చయిపోయింది. ఇంత పెద్ద ఒంటికి సీలు కొవ్వు లాంటి చిక్కటి తిండి కావాలి. బెర్రీలు ఆ లోటు పూడ్చలేవు.

చలికాలమంత గుహల పడుకుంటదా?

కడుపుతో ఉన్న ఆడ ఎలుగు మాత్రమే మంచు గుహలోకి పోతుంది. మిగతావన్నీ చలికాలమంతా వేటాడతాయి. గుహలో నడి చలికాలంలో సాధారణంగా రెండు పిల్లల్ని కంటుంది. పుట్టినప్పుడు ఒక్కో పిల్ల 600 గ్రాములు, అరకిలో కంటే కాస్త ఎక్కువ. తల్లి ఏమీ తినకుండా ఒంటి కొవ్వు కరిగించి పాలిస్తుంది. హడ్సన్ బే తల్లులైతే ఎనిమిది నెలల దాకా పస్తు ఉంటాయి. అందుకే తల్లి బక్కగా గుహలోకి పోతే దెబ్బ ముందు పిల్లలకే తగులుతుంది. పెద్ద ఎలుగు చావు కెమెరాకు దొరుకుతుంది. పుట్టి నిలవని పిల్ల ఎవరికీ కనిపించదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఈత వస్తది గదా, మరి మునిగి సస్తున్నయంటరేంది?

ఈత బాగా వస్తుంది. 2008లో అమెరికాలోని అలాస్కా పైన బ్యూఫోర్ట్ సముద్రంలో పట్టీ కట్టిన ఒక ఆడ ఎలుగు తొమ్మిది రోజులు ఆగకుండా 687 కిలోమీటర్లు ఈదింది. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు మూడుసార్లు పోయి వచ్చినంత దూరం. రెండు నెలల తర్వాత మళ్లీ పట్టి తూచితే 22 శాతం బరువు తగ్గింది, వెంట ఉన్న పిల్ల లేదు. 2004లో అదే సముద్రంలో తుఫాను తర్వాత నాలుగు ఎలుగుల శవాలు తేలుతూ కనిపించాయి. ఈత రావడం ఒకటి, మంచుకూ మంచుకూ మధ్య దూరం పెరిగిపోతే తట్టుకోవడం ఒకటి.

మన నల్లమల గుడ్డెలుగు, ఆ తెల్ల ఎలుగు ఒకటేనా?

ఎలుగుల కుటుంబమే కానీ దూరపు చుట్టాలు. అమ్రాబాద్ అడవిలో తిరిగే గుడ్డెలుగు చెదపురుగులు, తేనె, ఇప్పపువ్వు, పండ్లు తిని బతుకుతుంది. తెల్ల ఎలుగు దాదాపు పూర్తిగా సీలు మీదే ఆధారపడుతుంది. దానికి దగ్గరి చుట్టం గోధుమ ఎలుగు.

పెంగ్విన్లను ఎందుకు తినవు?

కలవవు కాబట్టి. ఎలుగు ఉత్తర ధ్రువం వైపు, పెంగ్విన్లు దక్షిణార్ధ గోళంలో. రెండూ పక్కపక్కన ఉన్న ఫొటో వస్తే అది కల్పితమే.

## మంచు గురించి

ఎండాకాలం కరుగుతది, చలికాలం మళ్ల గడ్డకడ్తది. ఇండ్ల లొల్లేంది?

కరగడం, గట్టిపడటం ఎప్పుడూ ఉన్నదే. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆర్కిటిక్ సముద్రంలో ఏటా మార్చిలో మంచు అత్యధికంగా, సెప్టెంబరులో అత్యల్పంగా ఉంటుంది. సమస్య ఆ కనిష్ఠం కిందికి జారుతుండటం. 1979 నుంచి ఉపగ్రహాలు క్రమంగా కొలుస్తున్నాయి. 1980ల్లో సెప్టెంబరులో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగిలేది. 2012 సెప్టెంబరులో 34 లక్షలకు పడిపోయింది, అంటే మన దేశ విస్తీర్ణం కంటే కాస్తంత ఎక్కువ. అదే ఇప్పటికీ రికార్డు. 2025లో 46 లక్షల దగ్గర ఆగింది. చలికాలం లెక్క కూడా తగ్గుతోంది: 2025 మార్చిలో నమోదైన గరిష్ఠం అప్పటివరకున్న ఉపగ్రహ లెక్కల్లోనే అతి తక్కువ.

చలికి కొత్తగా కట్టే మంచు పలచగా ఉండి ఎండాకాలం రాగానే కరుగుతుంది. ఏళ్ల తరబడి నిలిచిన మందపాటి పాత మంచు చాలావరకు పోయింది.

ఆ మంచు కరిగితే సముద్రం పొంగి ఊళ్లు మునుగుతయా?

సముద్రం మీద తేలే మంచు కరిగితే మట్టం దాదాపు పెరగదు. ఇంట్లోనే చూడండి. స్టీలు గ్లాసులో ఐసుముక్కలు వేసి నిండా నీళ్లు పోసి పక్కన పెట్టండి. ఐసు మొత్తం కరిగినా నీళ్లు పొర్లవు. సముద్రాన్ని పెంచేది గ్రీన్‌ల్యాండ్, అంటార్కిటికా నేల మీద ఉన్న మంచు. గ్రీన్‌ల్యాండ్ మంచంతా కరిగితే ఏడు మీటర్లకు పైగా పెరుగుతుంది, అయితే దానికి వందల, వేల ఏళ్లు పడుతుంది. సముద్రపు మంచు చేసే హాని ఇంకో దారిలో ఉంటుంది: తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది, అది పోయి నల్లటి నీళ్లు తేలితే వేడిని మింగుతాయి. ఆర్కిటిక్ 1979 నుంచి ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

2013 వరకే మంచు మొత్తం పోతదన్నరు గదా? ఇంకా ఉన్నదేంది?

కొందరు పరిశోధకులు అలా అంచనా వేసిన మాట నిజం, అది తప్పింది. పత్రికలు ఆ కొందరి అంచనాను అందరి మాటగా అచ్చేశాయి. చాలామంది శాస్త్రవేత్తలు అప్పుడే ఒప్పుకోలేదు. 2021 నాటి ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం) నివేదిక చెప్పేదేమిటంటే, 2050 లోపు కనీసం ఒక సెప్టెంబరులోనైనా మంచు 10 లక్షల చదరపు కిలోమీటర్ల కంటే తగ్గే అవకాశం ఎక్కువ. 'మంచు లేని ఆర్కిటిక్' అని వార్తల్లో రాసేది ఆ స్థితినే, ఒక్క ముక్క కూడా మిగలదని కాదు.

## లెక్కల గురించి

మొత్తం ఎన్ని ఉన్నయి?

2015లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) అంచనా సుమారు 26,000, అటూ ఇటూగా 22,000 నుంచి 31,000. కెనడా, అలాస్కా, రష్యా, గ్రీన్‌ల్యాండ్, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లో ఉంటాయి. మూడింట రెండు వంతులు కెనడాలోనే.

5 వేల నుంచి 30 వేలకు పెరిగినయని ఒక మెసేజ్ వచ్చింది. అయితే ఇదంత అబద్ధమా?

ఆ 5 వేలు 1960ల నాటి ఊహ. అప్పుడు సరైన సర్వే లేదు. ఊహను సర్వేతో పోల్చి 'పెరిగింది' అనడం తప్పు. అయితే ఆ మెసేజ్‌లో ఒక నిజం దాగుంది, దాన్ని కొట్టిపారేయకూడదు: విమానాల్లోంచి, ఓడల్లోంచి విచ్చలవిడిగా వేటాడుతుంటే ఐదు దేశాలు కలిసి 1973లో ఓస్లోలో ఒప్పందం చేసుకున్నాయి. వేట తగ్గాక కొన్నిచోట్ల ఎలుగులు నిజంగానే కోలుకున్నాయి. మనిషి ఆపదలచుకుంటే ఆపగలడనడానికి అది మంచి రుజువు. ఇప్పుడొచ్చిన ముప్పు వేట నుంచి కాదు, కాళ్ల కింద మంచు పోవడం నుంచి.

కొన్ని తావుల తగ్గినయంటరు, కొన్ని తావుల లావుగున్నయంటరు. ఏది నమ్మాలె?

రెండూ నమ్మాలి. శాస్త్రవేత్తలు ఈ ఎలుగులను చాలాకాలం 19 గుంపులుగా లెక్కించారు, ఒక్కో గుంపు కథ ఒక్కోలా ఉంది. చర్చిల్ ఊరి దగ్గరి పడమటి హడ్సన్ బే గుంపు 1980ల్లో సుమారు 1,200 ఉండేది. 2016లో 842, 2021లో 618. అలాస్కాకు ఉత్తరాన దక్షిణ బ్యూఫోర్ట్ గుంపు కూడా బాగా తగ్గింది. అలాస్కా, రష్యాల మధ్య చుక్చీ సముద్రంలో మాత్రం సుమారు 3,000 ఎలుగులు ఆరోగ్యంగా ఉన్నాయని 2018లో తేలింది. అక్కడ సముద్రం లోతు తక్కువ, సీళ్లు పుష్కలం. 2022లో ఆగ్నేయ గ్రీన్‌ల్యాండ్‌లో ఇంకో చిన్న గుంపు జన్యుపరంగా వేరని బయటపడింది. హిమనదాల నుంచి విరిగిపడిన మంచు మీద నిలబడి అవి వేటాడతాయి. అలాంటి చోట్లు లోకంలో చాలా తక్కువ.

కాబట్టి వార్తలో 'ధ్రువపు ఎలుగులు' అని మాత్రమే ఉండి ఏ గుంపో లేకపోతే, తగ్గాయన్నా పెరిగాయన్నా ఆ వార్త సగమే.

2100 వరకు ఒక్కటి సుత మిగలదా?

2020లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, కాలుష్యం ఇదే జోరుగా పెరిగితే 2100 నాటికి అతి ఉత్తరాన కొన్ని గుంపులు తప్ప మిగతావాటికి పిల్లల్ని పెంచుకునే దారి ఉండదు. ఉద్గారాలు తగ్గితే ఎక్కువ గుంపులు నిలుస్తాయి. ఆ 'తగ్గితే' అన్న మాటను హెడ్‌లైన్ కోసేస్తుంది.

## మనుషులు, మన ఊరు

మనిషిని చూస్తే ఊకనే మీద పడ్తదా?

1870 నుంచి 2014 దాకా నమోదైన దాడులు ఐదు దేశాల్లో కలిపి 73, చనిపోయినవాళ్లు 20 మంది. దాడి చేసినవాటిలో చాలావరకు ఆకలితో బక్కచిక్కిన మగ ఎలుగులు. ప్రమాదం లేదని కాదు. కెనడాలోని చర్చిల్ ఊళ్లో రాత్రుళ్లు గస్తీ తిరుగుతారు, ఊళ్లోకి వచ్చిన ఎలుగును పట్టి ప్రత్యేక షెడ్డులో ఉంచి, తర్వాత దూరంగా వదిలేస్తారు. చంపకుండా ఊరూ ఎలుగూ పక్కపక్కన బతకొచ్చని ఆ ఊరు చూపిస్తోంది. అడవి అంచున ఉన్న మన ఊళ్లు దాని నుంచి నేర్చుకోవచ్చు.

మా దగ్గర ఎండలు 45 దాటుతున్నయి. ఆ ఎలుగుల ముచ్చట మాకెందుకు సార్?

అడగాల్సిన ప్రశ్నే. మన ఎండలను పెంచుతున్నదీ, అక్కడి మంచును తగ్గిస్తున్నదీ గాల్లో చేరే అవే వాయువులు. ఇంకా దగ్గరి లంకె కూడా ఉండొచ్చు. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించిన అధ్యయనం, రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మన దేశంలో వానాకాలం చివర్లో పడే కుండపోత వానలకూ సంబంధం ఉండే వీలుందని చూపింది. వానమీద బతికే పాలమూరు రైతుకు అది దూరపు ముచ్చట కాదు. అలాగని మొన్న పడ్డ వాన ఆ మంచు వల్లే అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఒక్క వానకు అలా లెక్క కట్టలేరు.

వీడియో పంపే ముందు ఏం చూడాలె?

ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు తీశారు. ఈ మూడూ లేకపోతే పంపకండి. 'అంతరించాయి', 'దండెత్తాయి', 'ఎన్నడూ లేనంత' అన్న మాటలుంటే వార్త లోపలికి పోయి గుంపు పేరు, ఏడాది, సంఖ్య ఉన్నాయో లేవో చూడండి. పాత వీడియోను కొత్తదిగా పంపడమే ఎక్కువగా జరుగుతోంది. ఎలుగులకు ఏ ముప్పూ లేదని చెప్పే మెసేజ్‌కూ ఇదే పరీక్ష పెట్టండి.

నేను పెద్దయినంక అక్కడికి పోయి చదువొచ్చా? మనోళ్లు ఎవరన్న పోయిండ్రా?

పోవచ్చు, పోతున్నారు. స్వాల్‌బార్డ్‌లోని న్యూ ఆలెసుండ్‌లో 2008 జులైలో మన దేశం 'హిమాద్రి' అనే పరిశోధన కేంద్రం తెరిచింది. 2023 డిసెంబరు నుంచి చలికాలంలో కూడా మనవాళ్లు అక్కడ ఉండి పనిచేస్తున్నారు. ఊరు దాటి బయటికి పోవాలంటే ఎలుగుల భయానికి తుపాకీ వెంట ఉండాలి, దానికి శిక్షణ ఇస్తారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లు భౌతికశాస్త్రం, భూవిజ్ఞానం, సముద్రశాస్త్రం వైపు పోవచ్చు. బైపీసీ వాళ్లకు జంతుశాస్త్రం, ఆ తర్వాత డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీ లాంటి దారులున్నాయి. గోవా కేంద్రం పరిశోధక విద్యార్థులను తీసుకుంటుంది. తెలుగు మీడియంలో చదివామని వెనకాడే పిల్లలు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. డిగ్రీకి వచ్చేలోపు ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకునేంత వస్తే చాలు. లెక్కలు మాత్రం ఇప్పటి నుంచే గట్టిగా చేయండి.